నూనె రంగు ఇంజెక్షన్

మావాడు రాజమండ్రిలో, మా ఇంట్లోనే కూచుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడు నిద్రపోయాడో లేదో వాడి చేతి గడియారం చెప్పాలి. పొద్దున్నే లేచి చక్కగా కాఫీ అడిగేవాడా, ఆ గడియారం ఓసారి చూసుకోగానే "రాత్రి సరిగ్గా పడుకోలేదమ్మా, నీరసంగా ఉంది" అని మంచమ్మీద వాలిపోయేవాడు. చూసి చూసి నాకు ఒళ్లు మండేది.

ఇదంతా ఒక పెళ్లిచూపులతో మొదలైంది. అమ్మాయి మేనత్త "కుర్రాడు బుద్ధిమంతుడే గానీ మరీ పీలగా ఉన్నాడండి" అని మా ముందే అనేసింది. మావారు నవ్వేసి కాఫీ తాగారు. వీడు నవ్వలేదు. మర్నాడే జిమ్‌లో చేరాడు.

మొదట్లో నాకూ సంతోషమే. ముద్ద మింగడానికి గంట పట్టేవాడు పనీరు, వేరుశనగలు, గిన్నెడు పెరుగు ఆవురావురుమని తినేవాడు. పొద్దున్నే గోదావరి గట్టు మీద పరుగెత్తేవాడు. ఆ తర్వాత మంచునీళ్ల పిచ్చి పట్టుకుంది. అందులో కూచుంటే కండల నొప్పులు త్వరగా తగ్గుతాయట. ఫ్రిజ్‌లో ఐసుముక్కలు చాలక ఎవర్నో అడిగి ఆటోలో ఐసుదిమ్మ తెప్పించాడు. ఆ ఆటో అంతకుముందు రొయ్యలు మోసిందని ముక్కున్న ప్రతివాళ్లకీ తెలిసిపోయింది. ఉల్లిపాయ కూడా ఆలోచించి తరిగే ఇల్లు మాది. మావారు సంధ్యావందనం మధ్యలో లేచొచ్చి, "ఒరేయ్, మంచు ఒక్కటే తెచ్చావా, రొయ్యల్ని కూడా తెచ్చావా?" అన్నారు. నేను చీపురూ ఫినాయిలూ పట్టుకుని బాత్రూంలోకి దూరాను.

నవ్వుకున్నంతసేపు నవ్వుకున్నాం గానీ, వాడిలో కుదురు పోయింది. అద్దం ముందు నిలబడడం, టేపుతో జబ్బ కొలుచుకోవడం, టేపు విసిరికొట్టడం. "తొందరపడకురా, ముందు డాక్టరుగారి దగ్గర రక్తపరీక్ష చేయించుకో" అంటే, "ఆయనకి జ్వరాలు తప్ప ఏం తెలుసమ్మా" అనేవాడు. జిమ్‌లో ఎవరో కుర్రాడు రెండు నెలల్లో ఎలా అయ్యాడో ఫోనులో చూపించేవాడు. ఆ ఫోటోలో నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. నాకు భయమేసింది.

ఒక ఆదివారం పొద్దున్న మావారికి ఇన్సులిన్ వేసి వస్తున్నాను. ఆయనకి రోజూ నేనే వేస్తాను, నా చెయ్యి తేలికని ఆయన నమ్మకం. మావాడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు చిన్న సీసాలు, సిరంజిలు.

"అమ్మా, బి ట్వెల్వ్ విటమిన్. మనలాంటి శాకాహారులకి తక్కువుంటుందిగా. నువ్వే వెయ్యి, నువ్వేస్తే నొప్పుండదు."

నిరుడు డాక్టరుగారు నాకూ బి ట్వెల్వ్ రాశారు. అది దానిమ్మ రసంలా ఎర్రగా ఉండేది. ఇది నువ్వులనూనెలా ఉంది.

"రంగు వేరేగా ఉందేంట్రా?"

"కంపెనీ వేరమ్మా."

కన్నకొడుకు మాట, నమ్మేశాను. సీసాలోది సిరంజిలోకి లాగాను. చిక్కగా, బద్ధకంగా ఎక్కింది. అప్పుడే నా కాళ్ల తిమ్మిర్లు గుర్తొచ్చాయి.

"ఒరేయ్, రెండున్నాయి కదా. నాకూ ఈమధ్య మళ్లీ తిమ్మిర్లెక్కుతున్నాయి. ఇది నేను వేసేసుకుని, నీకు రెండోది వేస్తాను" అని జాకెట్టు చెయ్యి పైకి జరిపాను.

వాడు ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గాజు చిట్లింది.

"వద్దమ్మా! నీకు కాదు!"

"విటమిన్‌కి ఆడా మగా ఏంట్రా?"

వాడు నా చెయ్యి వదిలేశాడు. నేను కళ్లలోకి చూస్తుంటే అప్పుడు చెప్పాడు. విటమిన్ కాదట, మగవాళ్ల హార్మోనట. జిమ్‌లో ఎవడో ఇచ్చాడట. డాక్టరు చీటీ లేదు, సీసా మీద సరైన పేరు కూడా లేదు.

"వేసుకుంటే ఏమవుతుంది?"

"కండ పడుతుంది."

"ఇంకా?"

"కొందరికి గుండెకి మంచిది కాదంటారు. పిల్లలు పుట్టడం కూడా… అందరికీ కాదులేమ్మా."

లోపల్నించి మావారు "టిఫినేంటివాళ?" అని కేకేశారు. సూది ఇంకా నా చేతిలోనే ఉంది.

"నాకు గుచ్చుకోబోతే గాజు పగిలేలా పట్టుకున్నావు. నీకు మాత్రం నాచేతే పొడిపించుకుందామనుకున్నావా? రేపు నీకేమన్నా అయితే, నా బిడ్డకి ఈ చేత్తోనే కదా వేశాను అనుకుంటూ నేను బతకాలిట్రా?"

వాడు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. దగ్గరికి తీసుకోవాలని కూడా నాకనిపించలేదు. ముందు ఆ సూదిని ఎక్కడైనా కింద పెట్టాలి.