దూడను ఇంగ్లీషులో తిట్టిన రోజు

నేను ఇంగ్లీషు చెప్పే బడి గార్లదిన్నె దాటి లోపలికి పోతే వస్తుంది. బుక్కరాయసముద్రం నుంచి రోజూ స్కూటీ మీద పోయి వస్తాను. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వచ్చినప్పటి నుంచి పిల్లలు తెలుగు పేజీ చదివేసి ఇంగ్లీషు అర్థమైందంటారు. వాళ్ళను అనడానికి నాకు నోరు లేదు. నేనూ తెలుగు మీడియం దాన్నే, మొదట్లో నా కళ్ళూ అటే పోయేవి.

ఆ ఏడాది వానలు పడ్డాక ఐదో తరగతికి విశేషణాలు, క్రియా విశేషణాలు, పోలికలు మొదలుపెట్టాను. టాల్, టాలర్, టాలెస్ట్ అంటుంటే పిల్లలకు పాటలాగా పట్టుబడింది. ఏనుగు చీమ కంటే పెద్దదన్నారు. తాబేలు నెమ్మదిగా నడుస్తుందన్నారు. స్లో అనేది తాబేలుకు, స్లోలీ అనేది దాని నడకకు అని విడమరిస్తే బుద్ధిగా తలలూపారు. ఇంత సులువా అని నాకే ఆశ్చర్యమేసింది. సరే, ఏనుగునూ తాబేలునూ అడవిలో వదిలేసి మన ఊర్లోకి రండి, మీ ఇంట్లో ఏది బాగుంటుందో పోల్చి చెప్పండి అన్నాను. అంతే, తరగతికి తాళం పడింది.

కాసేపటికి నోరు విప్పినవాళ్ళు కూడా కిందికే పోల్చారు. మా బోరు వాళ్ళ బోరు కంటే ఎండిపోయిందన్నాడొకడు. మా చేను పక్క చేను కంటే అధ్వాన్నం అంది ఒకమ్మాయి. మా మేక ఊర్లో మేకలన్నిటి కంటే బక్కది అన్నాడు ఇంకొకడు. డ్రయర్, వర్స్, థిన్నెస్ట్ అంటూ ఒక్కటీ తప్పు పోలేదు. బెటర్, బెస్ట్ మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఎందుకో నాకు తెలియనిది కాదు. మా అనంతపురం పక్క పంట బాగుందని ఎవరూ ఒప్పుకోరు. సమయానికి వాన పడి వేరుశనగ విరగకాసినా సరే, "ఏమప్పా, చెనిక్కాయలు ఎట్లుండాయి?" అంటే "ఏదోలే అన్నా, ఉండాయి" అంటారు. నిలువునా ఎండిపోయినా అదే మాట. గొంతును బట్టి మనమే తెలుసుకోవాలి. బాగుందని నోటితో అంటే దిష్టి తగిలి ఉన్నది కాస్తా పోతుందని భయం. పిల్లలు దక్కని ఇళ్ళలో బిడ్డ పుడితే పెంట అనో పుల్ల అనో పేరు పెట్టి, ఇది పనికిరానిది, దీన్ని వదిలేయండి అని చెప్పుకున్న ఊళ్ళు ఇవి. వానను నమ్ముకోలేని చోట నోటినైనా అదుపులో పెట్టుకుందామనుకున్నారేమో మా పెద్దలు. నేను ఇవన్నీ నమ్మను. నా స్కూటీకి మా అమ్మ కట్టిన నిమ్మకాయ మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది, విప్పడానికి తీరిక లేక.

నమ్మను కాబట్టే నాకు పంతం వచ్చింది. ఇంట్లో మీకు బాగా నచ్చినదాన్ని గురించి ఒక మంచి వాక్యం, నలుగురూ వినేలా ఇంగ్లీషులో చెప్పి రండి అని హోంవర్కు ఇచ్చాను. ఇంకెవరూ చేయలేదని తర్వాత తెలిసింది. చేసింది ఒక్కతే, ముందు బెంచీ అమ్మాయి.

ఆ పిల్ల పెద్ద వాగుడుకాయ. తప్పో ఒప్పో గట్టిగా చెప్పేది, చెప్పి నా మొహం చూసేది. అమ్మా నాయనా పొద్దున్నే కూలికి పోతే అవ్వ దగ్గరే ఎక్కువసేపు ఉండేది. అలాంటి పిల్ల తరగతిలో ఒక్కరుంటే చాలు, టీచరుకు ఆ రోజు ఇట్టే గడిచిపోతుంది. ఆమె ఆ సాయంత్రం వాళ్ళ పెయ్యదూడ మెడ చుట్టూ చెయ్యేసి, పంచలో ఆడవాళ్ళు చెనిక్కాయలు ఒలుస్తుంటే, "అవర్ కాఫ్ ఈజ్ ద మోస్ట్ బ్యూటిఫుల్ కాఫ్ ఇన్ ద విలేజ్" అని అరిచిందట. అదేందే అని అడిగితే, ఊర్లో దూడలన్నిట్లోకీ మా దూడే అందమైంది అని తెలుగులో కూడా చెప్పిందట. తెల్లారేసరికి దూడ కడుపుబ్బి పడిపోయింది.

ప్రార్థన అయ్యీ అవకముందే అవ్వ బడిలోకి వచ్చింది. చేయి పట్టుకుని పిల్లను కూడా లాక్కొచ్చింది.

"ఏం మేడమ్, మా పిల్లతో ఏం చెప్పిచ్చినావు?"

"ఏమైందవ్వా?"

"ఏమైందంటావా? దూడ పొద్దున్నుంచి లేయల్యా. ఇది నోరు తెరవల్యా. నా నోటివల్లే అవ్వా అని ఒక్క మాట అనింది. అంతే, మళ్ళా మాట్లాడల్యా."

"ఇంగ్లీషులోనే కదవ్వా నేను చెప్పమనింది" అనేశాను. ఆ మాట ఎందుకు వచ్చిందో నాకే తెలియదు.

"దిష్టికి ఇంగ్లీషు రాదనుకొంటివా?" అంది అవ్వ.

వెనక హెడ్మాస్టరు దగ్గు వచ్చినట్టు నటించాడు. నాకూ నవ్వొచ్చేదే, ఆ పిల్ల మొహం చూడకపోతే. పెదవులు లోపలికి మడుచుకుని, పళ్ళతో బిగబట్టి ఉంది. బయటికి ఒక్క మాట వస్తే ఇంకేం పడిపోతుందో అన్నట్టు నిలబడింది. హెడ్మాస్టరుకు చెప్పి వాళ్ళతో పాటు నేనూ ఇంటికి పోయాను.

అప్పటికే పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి ఉన్నాడు. రాత్రి పలుపు ఊడిందని, గాబులో ఆవుకోసం నానబెట్టిన చెనిక్కాయల చెక్కంతా దూడ తినేసిందని, నూనె తాపి సూది వేశానని నాకు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, నీ మాట వల్ల కాదు, చెక్క వల్ల అని పిల్లకు చెప్పబోయాను. అవ్వ అడ్డం వచ్చింది.

"తినింది నిజమేనప్పా. చెక్క దినామూ ఈడనే ఉండాది. పలుపూ అదే పలుపు. ఈ పొద్దే ఎందుకు తినల్ల?"

కాంపౌండరు నా వైపు చూశాడు. నేను దూడ వైపు చూశాను.

"పైకెత్తిన నోరే కిందికి దించల్ల" అంది అవ్వ. "దీని నోరు మూతపడింది. నేర్పిచ్చింది నువ్వు. నువ్వే దించు."

"ఎట్ల దించేదవ్వా?"

"తిట్టు. ఇంగ్లీషులోనే తిట్టు. ఆ భాషలో తగిలింది ఆ భాషలోనే పోవల్ల."

మెడలో గుర్తింపు కార్డు, చేతిలో బ్యాగుతో పేడ మధ్య నిలబడి నేను దూడకు పాఠం చెప్పాను. యు ఆర్ ద అగ్లియెస్ట్ కాఫ్ ఇన్ ద విలేజ్ అన్నాను. అర్థం చెప్పమంది అవ్వ. ఊర్లోకంతా వికారమైన దూడవు అన్నాను. ఊ, ఇంగా అంది. యు ఆర్ థిన్నర్ దేన్ ఎ గోట్, మేక కంటే బక్కదానివి. యు వాక్ స్లోలీ, నడిచేది నెమ్మదిగా. యు ఈట్ గ్రీడీలీ, తినేది మాత్రం ఆబగా. ఆఖరుది నిజం కాబట్టి గట్టిగానే అన్నాను. కాంపౌండరు సంచీ సర్దుకునే మిషతో అటు తిరిగాడు, భుజాలు కదులుతున్నాయి. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పిల్ల మాత్రం నా నోటినే చూస్తోంది, నాతో పాటు పెదవులు కదిపింది కానీ గొంతు రాలేదు.

నేను తిరిగి బడికి పోతూ ఉంటే అవ్వ మెత్తబడింది. "నచ్చినదాన్నే తిట్టల్ల మేడమ్. ఈ పిల్లను నేను ఒక్క దినమన్నా బాగుండావు అనింటినా? కాకి మొగందానా అంటా, దయ్యమా అంటా. నలుగురు పోయినాక మిగిలిన పిల్ల ఇది."

ఆ పిల్లకు ముందు నలుగురు పోయారని నాకు అంతవరకూ తెలియదు.

బడి విడిచాక మళ్ళీ పోయి చూస్తే దూడ లేచి నిలబడి ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి, అయినా గడ్డి పరకను నములుతోంది. నూనె పని చేసిందని కాంపౌండరు, తిట్టు పని చేసిందని అవ్వ. ఏది పని చేస్తే నాకేం, గుండెల మీది బరువు సగం దిగింది. మిగతా సగం ఆ పిల్ల మూసిన నోటి దగ్గరే ఉండిపోయింది.

దూడ గెంతులేసే రోజులు వచ్చినా ఆమె తరగతిలో మాట్లాడలేదు. ఇంట్లో అన్నం, నీళ్ళు అనే వరకూ మాట్లాడుతోందని అవ్వ చెప్పింది. నా దగ్గర అది కూడా లేదు. సులువైనవి అడిగాను, బుజ్జగించాను, ఒకరోజు ఓపిక పట్టలేక కసిరాను కూడా. తల అడ్డంగా ఊపేది. నా ఉద్యోగంలో ఎంతమంది తనిఖీకి వచ్చినా నేను భయపడలేదు కానీ, ముందు బెంచీలో ఆ మౌనం చూస్తే భయమేసేది. నోరు తెరిపించడానికి జీతం తీసుకుంటూ ఉన్న నోరు మూయించానే అనిపించేది.

అలాంటప్పుడే జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు. ఆయనది కోస్తా వైపు. బస్సు ఫాస్టరా సైకిల్ ఫాస్టరా అని అడిగితే పిల్లలు బాగానే చెప్పారు. హెడ్మాస్టరు మొహం వికసించింది. అప్పుడాయన చిరునవ్వుతో, "హౌ డజ్ యువర్ మేడమ్ టీచ్?" అన్నాడు. ఆయనకు కావలసింది 'వెల్' అనే ఒక్క చిన్న మాట. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎవరూ పలకలేదు. నన్ను పొగిడి నా నెత్తిన దిష్టి పోయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ముందు బెంచీ పిల్ల లేచింది.

"షీ టీచెస్ వెరీ బ్యాడ్లీ, సార్" అంది. గొంతు జీరపోయింది. ఈసారి గోడలు వినేలా, "షీ ఈజ్ ద వర్స్ట్ టీచర్ ఇన్ ద మండల్" అంది.

హెడ్మాస్టరు "ఏయ్" అని అరిచాడు. అధికారి కళ్ళద్దాలు తీసి, ఏంటి మేడమ్ ఇది అన్నాడు. ఈ మేడమ్ చాలా చెడ్డగా చెబుతుంది, మండలంలోకంతా ఆమే అధ్వాన్నం అని నా తరగతిలో నా ముందే చెప్పిన పిల్ల, ఎప్పటిలాగే చెప్పి నా మొహం చూస్తోంది, సరిగ్గా చెప్పానా అని. మిగతా పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. పని జరిగిందన్నట్టు హాయిగా కూర్చున్నారు.

"కరెక్ట్" అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వాను. హెడ్మాస్టరుది కొత్తచెరువు పక్క ఊరే, ఆయనకు అప్పటికి వెలిగింది. అధికారిని వరండాలోకి తీసుకుపోయి మా పక్క ఇష్టమైనవాళ్ళను ఎట్లా అంటారో చెప్పసాగాడు. ఆయన నమ్మాడో లేదో నేను చూడలేదు. ముందు బెంచీలో ఆ పిల్ల పక్కపిల్లతో వాదన పెట్టుకుంది, నా పెన్సిల్ ఎందుకు తీసినావే అని, గట్టిగా. బడిలో మాట్లాడొద్దని అరిచే నేను ఆ వాదన అయ్యేదాకా పాఠం ఆపి నిలబడ్డాను.

సాయంత్రం స్కూటీ తీస్తుంటే గేటు దగ్గర అవ్వ నిలబడి ఉంది.

"మా పిల్ల నిన్ను పెద్దసారు ముందర తిట్టిందంట కదా?"

"తిట్టిందవ్వా. బాగా తిట్టింది."

అవ్వ రెండు చేతులతో నా మొహం నిమిరి, తన కణతల మీద మెటికలు విరుచుకుంది.

"మంచిది. ఇంగ నీకేమీ కాదులే మేడమ్" అంది.