ముసలయ్య పోసిన ఆయిలు

పెద్ద ఆసామి అబ్బాయిరాజు గారికి ఎదురు చెప్పిన మెకానిక్కు గుండుగొలనులో ముసలయ్య ఒక్కడే. అదీ గొంతు పెంచకుండా చెప్పాడు. ఆ రోజు చేపల చెరువుల రత్నమాణిక్యం తన జీపు బ్రేకుల కోసం వచ్చి షెడ్డులో బల్ల మీద కూర్చుని ఉంది కాబట్టి మొత్తం కళ్లారా చూసింది.

రాజు గారిదీ పాత ఫోర్ వీల్ జీపే. చెరువు గట్టు మీద బురదలో నాలుగు చక్రాలకీ వేసిన గేరు తారు రోడ్డెక్కాక వెనక్కి రానంటోంది. తాడేపల్లిగూడెంలో చూపిస్తే గేరుపెట్టె మొత్తం మార్చాలన్నారట.

"పెట్టె బాగానే ఉందండి," అన్నాడు ముసలయ్య.

"గూడెంలో కంప్యూటరు పెట్టి చూశారు. నువ్వేం పెట్టి చూశావురా?"

"పురికొసండి."

నవ్వినవాళ్లు నవ్వారు. ముసలయ్య పురికొస తీసి ముందు చక్రం చుట్టూ కొలిచి ముడి వేశాడు. అదే కొసని వెనక చక్రానికి చుడితే నాలుగు వేళ్లు మిగిలిపోయింది.

"ముందు టైర్లు కొత్తయి, వెనకయి అరిగిపోయినయి అండి. పెద్ద చక్రం తక్కువ తిరుగుద్ది, చిన్నది ఎక్కువ తిరుగుద్ది. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. తారు మీద జారవు కదండీ. ఆ మెలి అంతా పెట్టెలో పడి గేరుని పట్టేసుకుంటది."

ఆ మెలి విడేలా బండెక్కి తిన్నగా పది గజాలు వెనక్కి పోనిచ్చాడు. గేరు కర్ర వేలితో తోస్తే వచ్చేసింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా," అన్నారు రాజు గారు మొహం గంటు పెట్టుకుని.

"మీరు చెప్పనిస్తే కదండీ."

ఆయన బండెక్కి వెళ్లిపోయారు. తన జీపు మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వకూడదని రత్నమాణిక్యం ఆ రోజే అనుకుంది. అనుకున్నది అనుకున్నట్టు నిలబెట్టుకోనిస్తే వాళ్లు కొడుకులెందుకవుతారు?

ముసలయ్యది కొల్లేటి లంక. తండ్రి వలేసి బతికినవాడు. ఇతను మీసాలు రాకముందే ఏలూరు పోయి, లారీ షెడ్డులో ఇనప సామాను కిరసనాయిలులో కడుగుతూ పని నేర్చుకున్నాడు. ఎడమచేతి నడిమివేలు సగం ఏదో షాఫ్టు తినేసింది. ఏ బండి వచ్చినా ముందు దాన్ని విప్పడు. ఎక్కి కూర్చుని, అడుగు రేకు మీద అరచెయ్యి ఆనించి, నాలుగు కిలోమీటర్లు తిప్పించుకుని వస్తాడు. ఎక్కడ తిరుగుతుంది, ఎంత మోస్తుంది అని అడుగుతాడు. అప్పుడు గానీ పానా పట్టుకోడు. వెనకాల హారన్లు కొట్టినా అంతే. పోనీ నోరున్న మనిషా అంటే, అదీ లేదు.

ఆ నోరు లేకపోవడమే రత్నమాణిక్యానికి ఒళ్లు మండించేది.

వేసవిలో ముసలయ్య ఆమె జీపుకి వెనక ఇరుసు మధ్య పళ్లచక్రాలుండే హౌసింగులో ఆయిలు మార్చాడు. మూడు నెలలు తిరక్కుండా బండి ఊళ పెట్టడం మొదలెట్టింది. కొడుకు ఫణీంద్ర తల్లికి చెప్పకుండా ఏలూరు తోలుకుపోయాడు. అక్కడ అద్దాల షెడ్డువాళ్లు విప్పి, లోపల చక్రాలని తిప్పే పళ్లచక్రం, అదే క్రౌను, దాని పళ్లు తుప్పు పట్టి అరిగిపోయాయని, ఎవరో కల్తీ ఆయిలు పోశారని చెప్పి కొత్త క్రౌను వేశారు. ఫణీంద్ర ఇంటికి రాకముందే ఫోను తీసి చేపల చెరువుల వాట్సాప్ గ్రూపులో తన గొంతు రికార్డు చేసి పెట్టాడు. "ముసలయ్య కాలిపోయిన ఆయిలు వడగట్టి పోస్తున్నాడు, నా బండి నాశనం చేశాడు, ఎవరూ వెళ్లకండి."

గ్రూపులో రెండొందల మంది ఉన్నారు. వారం తిరిగేసరికి షెడ్డు ముందు బళ్లు లేవు. నలభై ఏళ్ల పేరు అరనిమిషం మాటతో పోయింది. ముసలయ్య సైకిలు పంక్చర్లు వేసుకుంటూ కూర్చున్నాడు. అతను వచ్చి తన గుమ్మం ముందు నిలబడి ఇదేం అన్యాయమని నలుగురు వినేలా అరిచినా రత్నమాణిక్యానికి బాగుండేది. రాలేదు. తప్పు చేసినవాడు కాబట్టే రాలేదని ఆమె తేల్చేసుకుంది.

కార్తీకంలో కొత్త క్రౌను కూడా ఊళ పెట్టింది.

ఈసారి రత్నమాణిక్యం కొడుక్కి చెప్పలేదు. డ్రైవరు జోసెఫ్‌ని పిలిచి, ముందు సీట్లో కూర్చుని, తిన్నగా షెడ్డుకి పోనిమ్మంది. దిగుతూనే అందుకుంది.

"ఏం ముసలయ్యా, నామీద కోపమేమన్నా ఉంటే నామీద తీర్చుకోవాలి గానీ బండి ఏం చేసింది నిన్ను? ఏం పోశావు అందులో? నీ నోట్లో నాలిక లేదా, ఉంటే అరువిచ్చావా ఎవరికన్నా?"

"కూర్చోండమ్మగారూ. ఒకసారి తిప్పుకొస్తానండి."

తిప్పుకొచ్చాడు. "ఏ గేరులోనైనా ఒకటే కూతండి, అంటే గేరుపెట్టెలో కాదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే కూత తగ్గుతోంది, అంటే క్రౌనేనండి."

"అది నా పెద్ద మనవరాలు కూడా చెప్పుద్ది. ఎందుకు పోయింది?"

"రేపు చెప్తానండి. ఈ పూటకి దీన్ని కదపకండి. లోపలిది నిలిచి అడుక్కి తేరుకోవాలి."

ఆమె బస్సులో ఇంటికెళ్లింది. ఆ కోపం కూడా ముసలయ్య ఖాతాలోనే వేసుకుంది.

తెల్లారి ఎనిమిదింటికి మళ్లీ దిగింది. ముసలయ్య బండి కిందకి దూరి, హౌసింగు అడుగున మర మెల్లగా వదులు చేశాడు. ముందు సన్నటి ధారగా నీళ్లు వచ్చాయి, గ్లాసెడు. వాటి వెనకాల ఆయిలు. నల్లగానూ లేదు, తేనె రంగూ లేదు. పాలెక్కువైన టీలా ఉంది.

"ఏలూరు వెధవలు నీళ్లు కలిపారు," అంది రత్నమాణిక్యం. "పద, ఇప్పుడే పోదాం. ఆ అద్దాలన్నీ పగిలేదాకా అరుస్తాను."

"వాళ్లు కలపలేదండి. నేనూ కలపలేదు." ముసలయ్య చేతులు తుడుచుకుని జోసెఫ్ వైపు తిరిగాడు. "చేపల లోడు దింపాక బండి ఎక్కడికెళ్తది జోసెఫూ?"

జోసెఫ్ తన చెప్పుల్ని చూసుకున్నాడు.

"నోరు తెరవరా," అంది రత్నమాణిక్యం.

"కాలవరేవులోకండి. ఇరుసు మునిగేదాకా దింపి కడుగుతానండి. చేపకంపు కొడతా గేట్లోకి రాకూడదని అమ్మగారి ఆర్డరండి."

ఆ మాట నిజమే. చేపల మీద మేడ కట్టింది గానీ చేపకంపు తన తులసికోట దాకా రావడానికి వీల్లేదు. వేసవి చివర్లో ఆ రూలు పెట్టింది. జోసెఫ్ ఒక్కరోజు కడగడం తప్పితే జీపుని గేటు బయటే ఆపించింది.

"అయితే ఏంటంట?" అంది. "నీళ్లలో తిరిగే బండి అది. కొల్లేరు పొంగినప్పుడు పడవలా నడిచింది."

"అప్పుడు చల్లగా దిగేదండి. ఇప్పుడు పాతిక కిలోమీటర్లు బరువు లాగి, చెయ్యి పెడితే కాలేంత వేడి మీద దిగుతోంది." ముసలయ్య పక్కనున్న వేడి టీ గ్లాసు తీశాడు. ఖాళీ చేసి, ఆ వేడి మీదే నీళ్లున్న పళ్లెంలో బోర్లించాడు. కాసేపటికి పళ్లెంలో నీళ్లు గ్లాసులోకి పాకి ఎక్కాయి. "హౌసింగు మీద ఊపిరికి చిన్న బెజ్జం ఉంటదండి. వేడి మీద నీళ్లలో పెడితే ఇలాగే లోపలికి లాక్కుంటది. వేసవిలో నేను పోసిందీ మంచి ఆయిలేనండి. వాళ్లు పోసిందీ మంచిదే."

రత్నమాణిక్యానికి అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఎవరి మీద దింపాలో తెలియలేదు. కొడుకు మీద దింపుదామంటే వాడు పుట్టించిన అబద్ధానికి నీళ్లు పోసింది తనే. జోసెఫ్ మీదంటే వాడు చెప్పింది చేశాడు. చివరికి ముసలయ్య మీదే దింపింది.

"తెలిసినవాడివి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు? ఆరోజే వచ్చి అడగొచ్చు కదా ఎక్కడ కడుగుతున్నారని."

"వచ్చానండి. మీ అబ్బాయిగారు గేటు తియ్యలేదు."

అది ఆమెకి తెలియదు. కొంగులో ముడి విప్పబోతే ముసలయ్య తల అడ్డంగా ఊపాడు.

"బెజ్జానికి గొట్టం తగిలించి సీటు ఎత్తుకి తీసుకెళ్తాను. క్రౌను కడిగి చూస్తా, బతికితే బతుకుద్ది. దానికి డబ్బులు వద్దండి."

"మరేం కావాలి నీకు? చెప్పు, చెప్పి చావు."

ముసలయ్య బల్ల మీద ఆమె పక్కనే ఉన్న ఫోను వైపు సగం వేలున్న చెయ్యి చూపించాడు.

"అబ్బాయిగారు గ్రూపులో గొంతుతో పెట్టారండి. మీరూ గొంతుతోనే పెట్టండి. నన్ను మంచోడని ఏమీ అనొద్దు. బండి వేడి మీద ఎక్కడ దింపారో, దింపమన్నది ఎవరో, ఆ రెండు ముక్కలే చెప్పండమ్మగారూ. ఇక్కడే, నా ముందు చెప్పండి."