శేషం తొమ్మిది

ఆదివారం వానకు గుమ్మం దగ్గరి పాత తివాచీ ముక్క తడిసింది. కిటికీ పక్కన ఎండలో వేస్తే తడి ఉన్ని వాసన గదంతా నిండింది. బల్ల మీద గళ్ళ కాగితం ఎనిమిది రోజులుగా ఖాళీగా ఉంది. పక్కవీధిలో కుట్టుపని చేసే దుర్గ, చీర అంచుకు నమూనా గీసి ఇమ్మని అడిగింది. చెయ్యి కదలడం లేదు. నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. యాభై రెండేళ్ళ క్రితం ఇలాగే చెయ్యి కదలనప్పుడు పక్కన ఖాజా మేస్త్రి గారు ఉన్నారు.

అప్పట్లో తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో ఏలూరు వెళ్ళి, ఒక తివాచీల కార్ఖానాలో గుమాస్తాగా పని చేసేదాన్ని. ఉన్ని తూకాలు రాయడం నా పని. నమూనాలు గీసేది మేస్త్రి గారు. గళ్ళ కాగితంలో ఒక్కో గడి మగ్గం మీద ఒక్కో ముడి. గడి తప్పితే పువ్వు వంకరపోతుంది. ఒకరోజు ఆయన కాగితం చూసి, "మేస్త్రి గారూ, ఇక్కడ ఒక వరస తగ్గిందండీ" అన్నాను. ఆయన అద్దాలు తుడుచుకుని మూడుసార్లు లెక్కపెట్టారు.

"తగ్గింది. కళ్ళు మసకేశాయి. రేపట్నించి మీరు గీయండి అమ్మాయిగారూ."

"నాకు బొమ్మలు రావండీ. మా అక్కకి వచ్చు. చుక్కల్లేకుండా ముగ్గేసేస్తుంది. నాది లెక్కల బుర్ర."

"ముగ్గుకి అక్కగారినే పిలుద్దాం లెండి. ఇక్కడ గళ్ళున్నాయి."

ఏడు నెలలు ఆయన పాత కాగితాలకు నకళ్ళు తీశాను. తర్వాత మొదటిసారి సొంత నమూనా అప్పగించారు. పన్నెండు రోజుల్లో మగ్గం మీది తివాచీ దిగిపోతుంది. ఆలోగా కొత్త కాగితం సిద్ధం కాకపోతే నాగమణికీ, ఆమెతో నేసే ముగ్గురికీ పని ఉండదు. ఇంకొకరు గీయడానికి లేరు. అంచుకు ఒక తీగ అనుకున్నాను. అంచు మధ్య నుంచి మూల దాకా వంద గళ్ళు. తీగ ఒక మలుపు తిరగడానికి పదమూడు. ఏడు మలుపులకు తొంభై ఒకటి. శేషం తొమ్మిది. నాకు శేషం మిగిలే లెక్క అంటే పడదు. మలుపును పది గళ్ళకు కుదించాను, ఆకులు నలిగాయి. ఇరవైకి సాగదీశాను, తీగ తాడులా వేలాడింది. చెరిపీ చెరిపీ కాగితం నూగు లేచింది. తొమ్మిదో రోజుకు పెన్సిల్ ముట్టుకోవడమే మానేశాను.

"ఇది పుట్టుకతో రావాలేమోనండీ" అన్నాను ఆయనతో.

"ఏమోనండీ. నేను పుట్టినప్పుడు పెన్సిలిచ్చి ఎవరూ చూళ్ళేదు" అన్నారు. మళ్ళీ ఆయనే, "మా అన్నయ్యకీ నాకూ నేర్పింది మా నాన్నేనండీ. అదే కాగితం, అవే తిట్లు. వాడికి ఆకు కూడా రాలేదు. సైకిలు చక్రం వంకర తీయడంలో మాత్రం ఏలూర్లో వాడి తర్వాతే ఎవరైనా. అదెవరూ నేర్పలేదు మరి" అన్నారు.

పదకొండో రోజు ఆయన నా కాగితాన్ని కంటికి ఆనించుకుని చూశారు.

"తీగ పదమూడులోనే బాగుందండీ. ఎందుకు చెరిపేశారు?"

"తొమ్మిది మిగులుతున్నాయండీ."

"మిగిలితే మీకేం బాధ? అంతా సరిపోతే మీరు పెట్టడానికి చోటెక్కడ? ఆ తొమ్మిదిట్లో ఏం పడుతుందో చూడండి."

ఆ సాయంత్రం బండి దెందులూరు దాటాక, నీళ్ళు నిలిచిన చేలో కొల్లేటి కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. రోజూ ఉండేదే. ఆ రోజే లెక్కపెట్టాను. ముక్కుతో కలిపి తొమ్మిది గళ్ళలో పడుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి, మూలన కొంగతో, కాగితం మగ్గం దగ్గరకు చేరింది.

గీసింది పావు తివాచీయే. మిగతా మూడు పావులూ ఆ కాగితాన్నే తిప్పి నేస్తారు. పువ్వుకు అలా తిప్పినా ఫరవాలేదు. కొంగ సంగతి నాకు తట్టలేదు. కొన్ని వారాల తర్వాత నాగమణి మగ్గం మీంచి కేక వేసింది.

"ఏవండీ మేస్త్రిగారండీ! పై రెండు కొంగలూ తలకిందులుగా వస్తున్నాయండీ! అమ్మాయిగారు కల్లు పోశారేమో!"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మేస్త్రి గారు వెళ్ళి, మసక కళ్ళతో కనబడక, వేళ్ళతో ముడులు తడిమారు.

"చేప కోసం మునిగాయిలే, నెయ్యవే" అన్నారు.

ఆ తివాచీ అలాగే దిగింది. తర్వాత అదే నమూనా ఇంకో రెండు నేయమన్నారు. మూడోదాన్లో కొంగల్ని నిలబెడతానంటే ఆయన ఒప్పుకోలేదు.

ఆయన పోయాక నేను పంతొమ్మిదిమందికి గీయడం నేర్పాను. నలుగురు నాకంటే బాగా గీశారు. ఆ నలుగురెవరో మొదటిరోజు ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. పుట్టుకా, నేర్పా అన్న లెక్క నాకింకా తేలలేదు. మా అక్క మాత్రం పెళ్ళయ్యాక ముగ్గు తప్ప ఏదీ వేయలేదు. కాగితం ఇచ్చేవాళ్ళు లేక వేయలేదో, ఇచ్చినా వేసేది కాదో, అడగాలనుకునేలోగా తనూ పోయింది.

తివాచీ ముక్క ఆరింది. తీసుకొచ్చి గుమ్మం దగ్గర వేసి, బల్ల దగ్గర కూర్చున్నాను. దుర్గ అడిగిన అంచు నూట యాభై గళ్ళు. నేననుకున్న మొగ్గకు పదకొండు. పదమూడు మొగ్గలకు నూట నలభై మూడు. ఎనిమిది రోజులుగా మొగ్గను ఎలా కుదించాలా అని మనసులోనే లెక్కలు వేస్తున్నాను. ఇవాళ దాన్ని పదకొండులోనే ఉంచాను.

శేషం ఏడు. వాటిలో ఏం పడుతుందో ఇంకా తెలియదు. పెన్సిల్ చెక్కుకున్నాను.