మెట్టుగూడ నుంచి తార్నాక దాకా: ఒక మాస్కు, ఒక మీసం

ఈ బ్లాగులో మీరు ఇప్పటిదాకా చదివినవన్నీ నేను కారు నడుపుకుంటూ వెళ్లిన ఊళ్లు. ఈసారి ప్రయాణం మెట్టుగూడ నుంచి తార్నాక వరకే. మెట్రోలో అయితే ఒకే ఒక్క స్టేషను. నవ్వకండి, ఇంతగా భయపడిన ప్రయాణం నాకు ఇంకోటి లేదు. పోయిన నెల జనగామ నుంచి వస్తూ ఘట్‌కేసర్ దాటాక పట్టపగలు స్టీరింగ్ మీద కునుకు తీశాను. పక్కనున్న మా బాపు, అంటే మా నాన్న, స్టీరింగ్ లాగకపోతే డివైడర్ ఎక్కేవాళ్లం. పరీక్షలు చేసి స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, ఉలిక్కిపడి లేస్తాం, మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే తంతు. దీనికి మందు ఒక చిన్న మిషను, దానికో పైపు, పైపు చివర మాస్కు. గాలిని తోస్తూ గొంతు మూసుకోకుండా చూస్తుంది. చెప్పడానికి ఇంతే. మూడు వారాలుగా నేను దానితో కుస్తీ పడుతున్నాను, రోజూ అదే గెలుస్తోంది.

మాస్కు అంచుల్లోంచి గాలి కారి కళ్లలోకి కొడుతుంది. చిరాకేసి నిద్రలోనే పీకి పారేస్తాను. అప్పుడు హాల్లో పడుకున్న బాపు లేచి వస్తాడు. గురక ఆగిన ప్రతిసారీ వచ్చి భుజం పట్టి ఊపుతాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, రైల్వేలో రిటైరై ఇన్నేళ్లయ్యాక నాకు కాపలా డ్యూటీ చేస్తున్నాడు. చివరికి తార్నాకలోని క్లినిక్ వాళ్లు పగటిపూట రమ్మన్నారు. తెల్లవారుజామునే లేవాలి, టీ కాఫీలు వద్దు, మధ్యలో కునుకు తీయకూడదు. అక్కడే మాస్కు పెట్టి పడుకోబెట్టి చూస్తారట. ఆ రోజు కూడా కుదరకపోతే అద్దె మిషను వెనక్కి ఇచ్చేసి ఆపరేషన్ గురించి ఆలోచించాలన్నారు. నా బీపీకి ఆపరేషన్ అంత తేలిక కాదని ముందే చెప్పి ఉన్నారు.

క్లినిక్ పదకొండింటికి. అప్పటిదాకా ఇంట్లో ఉంటే నిద్ర ఆగదని ఏడున్నరకే ఆటో ఎక్కి యూనివర్సిటీ క్యాంపస్‌కు బయల్దేరాం. "మీటర్ నడుస్తలేదన్నా, లోపలిదాంక అయితే వంద" అన్నాడు డ్రైవరు. "ఎనభై తీసుకో, నడువు" అని బాపు నా పక్కన కూర్చున్నాడు. తార్నాక సిగ్నల్ దగ్గర ఆగామో లేదో నా తల ఆయన భుజం మీద పడింది. చెంప మీద తట్టి లేపాడు.

"అన్నకు నైట్ డ్యూటీ ఉన్నదా?" అని అద్దంలో చూస్తూ అడిగాడు డ్రైవరు.

"లేదు బిడ్డా. పండుకునుడే ఈయనకు పెద్ద డ్యూటీ."

క్యాంపస్‌లో ఉదయం నడక చాలా బాగుంటుంది, ఆ సంగతి ఇంకోసారి తీరిగ్గా రాయాలి. ఆ రోజు నాకు చెట్లూ కనబడలేదు, చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలూ కనబడలేదు. రెండు రౌండ్లు నడిచేసరికి నిద్ర ముంచుకొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. బాపు వదల్లేదు. తనకు తెలిసిన చదువు మొదలుపెట్టాడు.

"కండ్లు మూయకు. భువనగిరి దాటినంక ఏ స్టేషనొస్తది?"

"రాయగిరి."

"ఆనంక?"

"వంగపల్లి" అన్నాను. ఆ తర్వాతిది ఆలేరు, అది నా నోటికి వచ్చేలోపే కళ్లు మూతపడ్డాయి. కళ్లు తెరిచేసరికి బాపు రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఊపుతున్నాడు. రాత్రిళ్లు చీకట్లో ఎప్పుడూ ఆయన ముఖం చూడలేదు, వెలుగులో అప్పుడే చూశాను. పెదవులు ఎండిపోయి, కళ్లు పెద్దవై ఉన్నాయి. నాకు ఊపిరి ఆగితే ఆయన ఇలా అయిపోతాడని ఇన్నాళ్లూ తెలియదు. ఏడుపొచ్చినంత పనైంది.

క్లినిక్ తార్నాక మెయిన్ రోడ్డు మీదే, పై అంతస్తులో. టెక్నీషియన్ పేరు సరిత, బౌద్ధనగర్ అమ్మాయి. మంచం మీద పడుకోబెట్టి ఒక్కో మాస్కు పెట్టి చూసింది. కళ్ల మధ్యదాకా వచ్చే పెద్ద మాస్కుకు నాకు దడ పుట్టింది. ఊపిరి వదలబోతే గాలి ఎదురు తోస్తుంది, నీళ్లలో ముంచి పట్టుకున్నట్టే ఉంటుంది. "దాంతోని కొట్లాడకండి సార్, నిమ్మళంగ వదలండి" అంటుంది సరిత. వదిలితేగా. ముక్కు రంధ్రాల్లో పెట్టుకునే చిన్నది పెడితే నోరు తెరుచుకుని గాలంతా బయటికి పోయింది. మిగిలింది ముక్కు కింద ఆనుకుని నోటిని కప్పేది, ఇంట్లో వాడుతున్నది. దానికి పట్టీలు ఎంత బిగించినా మిషను తెర మీద, గాలి కారుతోందని చూపే ఎర్ర గుర్తు పోలేదు.

సరిత దగ్గరికొచ్చి వేలితో చూపించింది. "మీసం కాడనే పోతున్నది సార్. కత్తిరిస్తే సరిపోదు, నున్నగ తీసేస్తే కూసుంటది."

నా మీసం చెంపల దాకా ఉంటుంది, ఈ బ్లాగు ఫోటోల్లో చూసే ఉంటారు. దాని మీద నాకు ప్రేమ ఉంది, ఒప్పుకుంటాను. కానీ సంగతి అది కాదు. మావైపు తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తండ్రి పోయాక కర్మ నాడు తీస్తారు. బోడి మూతితో గల్లీలోకి వస్తే చూసినవాళ్లు ముందు తండ్రి గురించే అడుగుతారు. "మా బాపు బయటే ఉన్నడు. ఆయన ముందట ఈ మాట అనకమ్మా" అన్నాను గొంతు తగ్గించి.

మాకూ ఆయనకూ మధ్య ఉన్నది గోడ కాదు, పరదా. దాన్ని పక్కకు జరిపి బాపు నిలబడ్డాడు. "ఏంది తియ్యాల్సింది?"

సరిత తల దించుకుని చెప్పింది.

"నేనుండంగనా?" అని ఆయన వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు.

పది నిమిషాలు చూశాను. రాలేదు. ఆ ట్రాఫిక్‌లో ఒక్కడే కోపంగా రోడ్డు దాటుతుంటాడేమోనని భయమేసింది. పైపు పీకేసి కిందికి పరుగెత్తాను. అవతలివైపు సెలూన్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. "రా. ఖాళీగనే ఉన్నది."

కుర్చీలో కూర్చున్నాను. మంగలి సబ్బు నురగ పట్టించి, కత్తి తీసి, మళ్లీ ఆపాడు. అద్దంలో నన్ను చూస్తూ మెల్లగా అడిగాడు. "ఏమనుకోకండి సార్. నాయిన ఉన్నడా?"

పక్క కుర్చీలోంచి బాపు అన్నాడు. "ఉన్న. గీడనే కూసున్న. తియ్యి."

మంగలి ఆయన వంక, నా వంక చూసి తీసేశాడు. బాపు కళ్లు తిప్పుకోకుండా అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ పైకి వెళ్లి మాస్కు పెట్టుకున్నాను. ఎర్ర గుర్తు పచ్చగా మారింది. గాలితో కొట్లాడటం మానేశాను, ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. నిద్ర లేచేసరికి రెండు దాటింది. తల తేలిగ్గా ఉంది. గంటన్నర పడుకున్నానని, ఒక్కసారీ ఊపిరి ఆగలేదని సరిత గుసగుసగా చెప్పింది. గుసగుస ఎందుకంటే, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో బాపు తల వెనక్కి వాల్చి గాఢంగా నిద్రపోతున్నాడు.

మెట్టుగూడలో మెట్రో దిగి మా గల్లీ మొదట్లోకి రాగానే ఒకరిద్దరు నా మూతి చూసి ఆగిపోయారు. బాపు నాకంటే రెండడుగులు ముందు నడుస్తూ కనబడ్డ ప్రతివాణ్నీ పేరు పెట్టి పిలిచి పలకరించాడు, రోజూ పలకరించనివాళ్లను కూడా. ఇన్ని ఊళ్లు తిరిగాను గానీ, ఆ గల్లీలో ఆయన తన వెనక నడిపించినంత దూరం నన్ను ఇంకెవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఇంకో నెల ఇలాగే నిద్రపోతే కారు తీయొచ్చని డాక్టరు అన్నారు.

మీలో ఎవరైనా ఇలా మాస్కు సరిచేయించుకోవడానికి వెళ్తుంటే ఒక్క సలహా. మిషను కొనకముందు కొన్నాళ్లు అద్దెకు తీసుకుని, క్లినిక్‌లోనే పడుకుని చూడండి. మీసం ఉంటే, మీ నాన్న కూడా ఉంటే, ఆయన్ను వెంట తీసుకెళ్లండి.