మా సార్ రాసిన నా పుట్టిన తేదీ

మొన్న మంగళవారం మా సార్ పోయారు. గడ్డపోతారంలో నేను పనిచేసే మందుల కంపెనీలో ప్యాకింగ్ దగ్గరికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. అన్నం వేళకు బయటికి వచ్చి చూసుకుంటే మా ఆయన పదకొండుసార్లు ఫోన్ చేసి ఉన్నాడు. తిరిగి చేస్తే, "సార్ పోయిండు. పొద్దుగాల గుండెల నొప్పి లేసిందట, దవాఖానకు తీస్కపోయేలోపే..." అని ఆగిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంకా హైకోర్టులో సాక్ష్యం చెప్పనే లేదు, అప్పుడే ఎలా పోతారు అనుకున్నాను. పోయినవాళ్ల గురించి ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు రాయమని నేర్పిందే ఆయన.

మా ఊరి ప్రైమరీ స్కూల్లో ఆయనే పెద్ద సార్, చాలా రోజులు ఆయన ఒక్కరే సార్. ఒకే గదిలో ఐదు తరగతులు. మేమంతా కంపెనీల్లో గోడలు కట్టే, మట్టి మోసే కూలీల పిల్లలం. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది. లెక్క ఒప్పు చేసిన వాళ్ల చేతిలో చిటికెడు వేసేవారు. తప్పు చేసిన వాళ్లను కొట్టేవారు కాదు. రబ్బరు పట్టుకుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "తప్పు లెక్కను చెరపకు బిడ్డా. దాని కిందనే ఒప్పు చెయ్. ఏడ తప్పినవో నీకు కనబడాలె" అనేవారు.

మా ఊళ్లో నా ఈడు వాళ్లలో సగం మందికి పుట్టినరోజు జూన్ నెలలోనే వస్తుంది. మేమంతా వానాకాలం మొదట్లో కూడబలుక్కుని పుట్టలేదు. బడి తెరిచే నెల అది. అమ్మానాన్నలు పిల్లను చెయ్యి పట్టుకుని తెస్తే, సార్ అందాజుగా ఒక తేదీ రాసుకునేవారు. మా అమ్మ అయితే గట్టి గుర్తే చెప్పింది. "కంపెనీ గోడ కట్టిన యేడు సార్, బోనాలు ఎల్లిన నాలుగొద్దులకు పుట్టింది" అని. గోడ కట్టిన కూలీల్లో మా నాన్న ఒకడు. ఆ సంవత్సరం గేటు పక్కన శిలాఫలకం మీద ఇప్పటికీ ఉంది. సార్ వేళ్ల మీద లెక్క వేసి, నా వయసు రెండేళ్లకు ఒక నెల తక్కువ తగ్గించి, జూన్ తేదీ రాశారు. "పిల్ల హుషారున్నది. రేపు సర్కారు నౌకరి కొడితే రెండేండ్లు ఎక్కువ చేస్తది" అన్నారట. మా అమ్మ చేతులెత్తి మొక్కింది. ఆ రోజుల్లో మంచి సార్లందరూ చేసిన మేలే అది. సర్కారు నౌకరీ నాకు రానే లేదు, అది వేరే సంగతి.

ఇంటర్ చదవడానికి సంగారెడ్డికి బస్సులో పోయేదాన్ని. ఆ బస్సులోనే మా ఆయన పరిచయమయ్యాడు. అప్పుడతను ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర హెల్పర్. కులాలు వేరు. మా నాన్న ఒప్పుకోడని తెలిసి, చెప్పకుండా వెళ్లి గుళ్లో పెళ్లి చేసుకుని పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అప్పటికి మా అమ్మ లెక్కన నాకు పద్దెనిమిదేళ్ల ఐదు నెలలు. సార్ లెక్కన పదహారున్నర. మా నాన్న పోలీస్ స్టేషన్‌కు పోయాడు. "రెండు దెబ్బలేసి పిల్లను తోలిస్తరనుకున్న. గింత పెద్దదైతదని నాకెర్కనా" అని తర్వాత తల బాదుకున్నాడు. పోలీసులు దెబ్బలతో సరిపెట్టలేదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసు కట్టారు.

సంగారెడ్డి కోర్టులో నేను నిలబడి, నా ఇష్టంతోనే పోయానని చెప్పాను. మైనరు ఇష్టం ఇష్టం కాదన్నారు. నేను మైనరునో కాదో తేల్చడానికి అమ్మ చెప్పే గుర్తు పనికిరాదు, బడి రిజిస్టరే కావాలని మా సార్‌ను పిలిపించారు. ఆయన బడి రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చారు. వరండాలో నన్ను దాటుకుంటూ పోయారు, తల ఎత్తలేదు. లోపల దస్తూరీ మీదేనా అని అడిగితే నాదే అన్నారు. తేదీ సరైనదేనా అని అడిగితే రిజిస్టరు మూసి, సరైనదే అన్నారు. అంతే. అప్పటిదాకా బెయిలు మీద ఉన్న మా ఆయనకు ఏడేళ్ల శిక్ష పడింది. నాకు మూడో నెల.

ఆ తీర్పు కాగితాల్లో నా పేరు ఎక్కడా లేదు, 'బాధితురాలు' అని ఉంది. నా పేరును చట్టం ఎంతో మర్యాదగా దాచిపెట్టింది. నా మొగుడి ఫొటో, వేలిముద్రలు, ఇంటి చిరునామా మాత్రం లైంగిక నేరస్తుల జాబితాలోకి ఎక్కాయి. దేశంలో ఏ పోలీస్ స్టేషన్‌లో వెతికినా కనిపిస్తాడు.

శిక్ష పడిన రెండు నెలలకు ఒక ఆదివారం సార్ పటేల్‌గూడలో నేను కొత్తగా తీసుకున్న గది వెతుక్కుంటూ టీవీఎస్ బండి మీద వచ్చారు. తలుపు తీసి, మొహం చూసి, మూసేశాను. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుని పోయారు. నాలుగో ఆదివారం తలుపు తెరిచే ఉంచాను.

"ఎందుకట్ల చెప్పిండ్రు సార్?"

"బుగులైంది బిడ్డా. రిటైరయ్యేందుకు ఆర్నెల్లున్నది. ఒక్కటి అందాజగ రాసిన అంటే అన్నీ అందాజే అంటరు. ఎన్ని వందల మందికి రాసిన్నో. నౌకరి పోతదనుకున్న."

"నా మొగుడే పోయిండు గద సార్."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. తర్వాత, "లెక్క నేనే తప్పు చేసిన. ఒప్పు గూడ నేనే చెయ్యాలె" అన్నారు. అయితే చెయ్యండి అని చెప్పి నేను లోపలికి పోయాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు గుచ్చుకుంటోంది.

అన్న మాట నిలబెట్టుకున్నారు. హైకోర్టులో అప్పీలు వేయించారు. తాను రాసిన తేదీ అందాజుదని, కావాలనే తగ్గించానని, తనను మళ్లీ పిలిచి విచారించమని సంతకం పెట్టి ఇచ్చారు. ఏడాదిన్నరకు బెయిలు వచ్చింది. మా ఆయన ఇంటికి వచ్చేసరికి పాప నడుస్తోంది. బెయిలు మనిషిని బయటికి తెచ్చింది గానీ జాబితాలోంచి పేరును తేలేదు. అప్పీలు గెలిస్తేనే ఆ పేరు పోతుంది, సార్ నోరు విప్పితేనే అప్పీలు గెలుస్తుంది. ఇన్నేళ్లూ మేం బతికింది ఆ ఒక్క ఆశ మీదే.

ఈ పారిశ్రామికవాడలో పోలీసు వెరిఫికేషన్ లేకుండా గేటు పాసు ఇచ్చే కంపెనీలు తక్కువ. మూడు కంపెనీల్లో మా ఆయన వారం, పది రోజులు పనిచేశాడు. మూడోచోట బిహారీ సూపర్‌వైజర్ పాపం మంచివాడే. "భయ్యా, తేరా రిపోర్ట్ గలత్ ఆయా" అంటూ, నీ పోలీసు రిపోర్టు బాగా రాలేదని చెప్పి భుజం మీద చెయ్యి వేసి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఇప్పుడు మా ఆయన పటాన్‌చెరు మార్కెట్‌లో మూటలు మోస్తున్నాడు. జాబితా పోలీసులకు మాత్రమే కనిపిస్తుందట. పోలీసులు చాయ్ తాగే హోటల్లో అందరూ తాగుతారు కదా. ఆరేళ్లలో నాలుగు ఇళ్లు మారాం. "నువ్వు మంచిదానివే బిడ్డా, గాని మాకూ ఆడపిల్లలున్నరు" అంది ఒక ఓనరమ్మ. ఆమెను తిట్టలేకపోయాను. నేనూ ఆడపిల్ల తల్లినే. చిన్నపిల్లల మీద చెయ్యి వేసిన రాక్షసుల పేర్లు రాసి పెట్టుకోండి, రోజూ నిఘా పెట్టండి, అందుకు అందరికంటే ముందు నేనే చెయ్యెత్తుతాను. కానీ పెళ్లాన్ని ప్రేమించినవాణ్ని తీసుకెళ్లి అదే వరసలో నిలబెడితే, ఆ జాబితా చూసేవాడికి రాక్షసుడెవడో ఎలా తెలుస్తుంది? పెద్ద చదువులు చదివి చట్టం రాసిన వాళ్లకు ఈ మాత్రం తట్టలేదా?

చుట్టుపక్కల ఎక్కడ పిల్ల తప్పిపోయినా మా తలుపు కొడతారు. పోయిన చలికాలంలో ఒక కొత్త కానిస్టేబుల్ వచ్చి కూర్చుని, ఫోన్‌లో చూసుకుంటూ అడిగాడు.

"బాధితురాలు ఇప్పుడు యాడుంటది?"

"మీ ముందట చాయ్ పెట్టింది నేనే."

అతను కప్పు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. మళ్లీ ఫోన్ తీసి, "ఇంట్ల చిన్నపిల్లలున్నరా?" అని అడిగి, మా పాప పేరు, వయసు రాసుకున్నాడు. తండ్రి నుంచి కూతురిని కాపాడటానికి. ఆ రోజు సార్ కూడా మా ఇంట్లోనే ఉన్నారు. లేచి వచ్చి, "సార్, నా పేరు గూడ రాస్కోండ్రి. అసలు తప్పు చేసింది నేను" అన్నారు. కానిస్టేబుల్ నవ్వి, "పెద్దమనిషివి, కూసో" అన్నాడు. సార్ కూర్చోలేదు, అతను వెళ్లేదాకా నిలబడే ఉన్నారు.

హైకోర్టుకు ఆయన, నేను కలిసి ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. పొద్దున్నే బస్సెక్కి, డబ్బాలో చపాతీలు పెట్టుకుని. మా ఆయన పేరు ఉన్న జాబితా ఒకటి, ఎన్నేళ్లయినా మా కేసు రాని రోజువారీ విచారణల జాబితా ఇంకొకటి. గోడ మీది కాగితాలన్నీ చదివి వచ్చి సార్ నిట్టూర్చేవారు. "బడిల హాజరు పిలిస్తె పలకకపోతే గైరుహాజరు. ఈడ పిలుసుడే లేదు గద బిడ్డా" అనేవారు. నేను నవ్వితే ఆయనకు కాస్త తేలికయ్యేది. నేను ఆయన్ను ఎప్పుడు క్షమించానో నాకు గుర్తులేదు. అసలు పూర్తిగా క్షమించానో లేదో కూడా తెలియదు. ఆయనా ఎప్పుడూ అడగలేదు.

పాపను బడిలో చేర్పించింది ఆయనే. అమ్మ లెక్క కాదు, అందాజు కాదు, దవాఖాన ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ రెండుసార్లు చదివి, తేదీ తప్పు పడలేదని చూసుకున్నాకే సంతకం పెట్టనిచ్చారు. ఆర్నెల్లకు ఆ బడికీ మా సంగతి ఎవరో మోశారు. పెద్ద మేడం నన్ను పిలిచి, "పాపను తీసేయమని చెప్పట్లేదమ్మా. వాళ్ల నాన్న మాత్రం గేటు దగ్గరికి రావొద్దు. మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు" అన్నారు. నా షిఫ్టు ఐదు దాకా. మరునాటి నుంచి మూడున్నరకు సార్ బండి గేటు ముందు ఉండేది. తాత అని రాసిన కార్డు మెడలో వేసుకుని నిలబడేవారు. ఎండైనా వానైనా ఒక్కరోజు తప్పలేదు. ఆయనకు సొంత మనవలు ఉన్నారు, వాళ్ల కోసం ఇలా నిలబడ్డారో లేదో నాకు తెలియదు.

అంత్యక్రియలకు జూన్‌లో పుట్టినవాళ్లం చాలామందిమి వెళ్లాం. మా ఆయన పాడె మోశాడు. సార్ కొడుకే పిలిచి భుజం ఇమ్మన్నాడు. మర్నాడు వకీలుకు ఫోన్ చేశాను. "సంతకం ఉందమ్మా, మనిషి లేడు. అవతలివాళ్లు ప్రశ్నలు అడగడానికి మనిషి ఉండాలి కదా. ఇక కష్టమే" అన్నాడు. ఇన్నేళ్లు పిలవని కోర్టు తప్పు లేదు, పోయిన మనిషిదే తప్పన్నట్టు ఉంది ఆ మాట. నిజం చెప్పడానికి ఒక ముసలాయన చపాతీల డబ్బా పట్టుకుని వరండాల్లో అన్నేళ్లు కూర్చుంటే ఒక్కరూ వినలేదు. అబద్ధాన్ని మాత్రం ఒక్క మధ్యాహ్నంలో రాసుకున్నారు.

ఆ వారమంతా సెలవు పెట్టాను, సోమవారం నుంచి షిఫ్టు మార్చమంటే మార్చలేదు. పాప కోసం మా ఆయన వెళ్లాడు. "మేడం ఒద్దన్నది అన్నా, నేనేం జెయ్య" అని వాచ్‌మన్ బతిమాలాడట. ఆయనతో పంపరేమోనని నేను పర్మిషన్ పెట్టి, రెండు ఆటోలు మారి చేరేసరికి నాలుగుంబావు దాటింది. పిల్లలందరూ వెళ్లిపోయారు. పాప గేటు లోపల ఉంది. వాళ్ల నాన్న రోడ్డుకు అవతల, చెరుకురసం బండి పక్కన నిలబడి ఉన్నాడు. మధ్యలో లారీలు పోతున్నాయి. పాప డిక్టేషన్ పుస్తకం తెరిచి, గేటు కమ్ములకు ఆనించి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆయనకు చూపిస్తోంది. అంత దూరం నుంచి అక్షరాలు కనిపించవు. ఆయన మాత్రం ఒక్కో లారీ దాటగానే, బాగుంది బాగుంది అని తల ఊపుతూనే ఉన్నాడు.