సలోమి చెప్పని మాట

చేతులకు పని ఇచ్చి, ఆ పనిలో నేను తప్పిన చోట కూడా నన్ను విడిచిపెట్టని దేవునికి స్తోత్రం. ఈ సంగతి రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. రాసే ధైర్యం ఇప్పటికైనా ఇచ్చినందుకు ఆయనకే మహిమ.

కోవిడ్ తర్వాత రెండో వేసవి. టెక్సస్‌లో, ప్లేనోలోని ఒక రీహాబ్ క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా నాకది పదకొండో ఏడు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని నడుము పాడు చేసుకున్న మన సాఫ్ట్‌వేర్ వాళ్లు నా పేషెంట్లు. ఆ జూన్‌లో మా ఇంటికి నలభై నిమిషాల డ్రైవ్‌లో ఉన్న యూనివర్సిటీ స్టేడియంలో దివ్యాంగుల అంతర్జాతీయ క్రీడలు జరిగాయి. భారత జట్టుతో రావలసిన ఫిజియోకి వీసా అందలేదు. లైసెన్స్ ఉన్న మన థెరపిస్టులు ఎవరైనా పది రోజులు సాయం చేస్తారా అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ తిరిగింది. నేను సెలవు పెట్టి వెళ్లాను.

జట్టులో తెలుగమ్మాయి ఒక్కతే ఉంది, సలోమి. బాపట్ల దగ్గర పల్లె. ఇరవై తొమ్మిదేళ్లు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. నడవాలంటే కాలిపర్, అంటే కాలిని నిటారుగా పట్టి ఉంచే ఇనుప పట్టీ, దానికి తోడు చంకలో కర్ర ఉండాలి. ఆమె ఆట కూర్చుని విసిరే జావెలిన్. ఇంటి దగ్గర కుట్టు మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఈ క్రీడల్లో మొదటి మూడు స్థానాల్లో వస్తే క్రీడల కోటాలో ప్రభుత్వ ఉద్యోగం వస్తుంది. తర్వాత మళ్లీ క్యాంపుకి పిలుస్తారో లేదో తెలియదు. కాబట్టి ఆమెకు అన్నీ ఆ బుధవారం పోటీలోనే ఉన్నాయి.

అంతకుముందు గురువారం ఆమెను మొదటిసారి పరీక్ష చేశాను. మా పనిలో మజిల్ టెస్టింగ్ అని ఒకటుంది. కండరాన్ని చేత్తో పట్టి చూసి సున్నా నుంచి ఐదు వరకు గ్రేడ్ ఇస్తాం. ఐదంటే మామూలు బలం. ఒకటంటే వేళ్ల కింద చిన్న చలనం తెలుస్తుంది కానీ కాలు కదలదు. ఈ ఆటల్లో ఆ గ్రేడులకు చాలా విలువ ఉంది. ఎవరి బలహీనత ఎంతో కొలిచి, సమానమైనవాళ్లను ఒక వర్గంలో పెడతారు. దీన్ని క్లాసిఫికేషన్ అంటారు. లేనిపోని బలహీనత చూపించి తక్కువ వర్గంలో చేరినట్టు తేలితే ఆ క్రీడాకారిణిని ఇంటికి పంపేస్తారు.

"కాలు దగ్గర అంతసేపు ఎందుకక్కా? అది ఎప్పుడో రిటైరైంది," అంది సలోమి నవ్వుతూ. "భుజం చూడు. సంపాదించి పెట్టేది అదే."

"ఈ నొప్పి ఎన్నాళ్ల నుంచి?" ఆమె కుడి భుజం నొక్కి చూస్తూ అడిగాను.

"హైదరాబాద్ క్యాంపు కాడ్నుంచి. కోచ్ సార్‌కి చెప్పమాక. రెస్టు తీసుకోమంటాడు."

"చెప్పకుండా ఎలా కుదురుతుందమ్మా?"

"అయితే ముందు ప్రార్థన చెయ్యి. తర్వాత చెబుదువు. భుజానికే చెయ్యక్కా. కాలు సంగతి వదిలెయ్."

ఆమె విశ్వాసురాలని అలా తెలిసింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేశాను. తర్వాత చార్టులో రాశాను: ఎడమ తొడ ముందు కండరం, గ్రేడ్ ఒకటి. కింద సంతకం చేశాను.

ఆదివారం ఆమెను మా సంఘానికి తీసుకెళ్లాను. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. తెలుగులో ప్రసంగం జరుగుతుంటే, తెలుగు సరిగా రాని మన పిల్లల కోసం పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెబుతారు. ఆరేళ్లుగా ఆ పరిచర్య నాదే. సలోమి వెనక బెంచీ చివర కూర్చుంది. "పప్పు, పచ్చడి ఉంటాయన్నావు కదక్కా, అందుకే వచ్చా," అని నా చెవిలో అంది. పాస్టర్‌గారు ఆమెను చూసి ముందుకు పిలిచారు. "రెండు నిమిషాలు సాక్ష్యం చెప్పమ్మా. మన పిల్లలు వింటారు."

ఆమె కర్ర మీద ఆనుకుని మైకు పట్టుకుంది. అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నా కాలు చిన్నప్పట్నుంచి ఇట్టాగే ఉంది. దేవుడు దాన్ని మార్చలా. నేనూ అడగడం మానేశా. పోయినేడు నడుం నొప్పొచ్చి మంచం దిగలేకపోయా. మా సంఘంలో ప్రార్థన చేశారు. నొప్పి తగ్గింది. కాలిపర్ పెట్టుకుని మళ్లీ నడిచా. నాకు చేతులిచ్చాడు. అది చాలు."

మొదటి మాటలు బాగానే అనువదించాను. చిన్నప్పటి నుంచి కాలు ఇలాగే ఉందన్నాను. దేవుడు దాన్ని మార్చలేదన్న మాట దగ్గర నోరు ఆగింది. ఎదురుగా పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. దేవుడు చేయని పని గురించి ఈ పిల్లలకు ఎందుకు చెప్పాలి అనుకున్నాను. ఆ మాట దాటేశాను. చివరికొచ్చేసరికి నా గొంతు దానంతటదే పెరిగింది. "షీ కుడ్ నాట్ వాక్. ద చర్చ్ ప్రేయ్డ్. గాడ్ హీల్డ్ హర్ లెగ్, అండ్ నౌ షీ వాక్స్." పిల్లలు తలలెత్తారు. హాలంతా చప్పట్లు. ఇంగ్లీషు అంతగా రాని సలోమి, చప్పట్లు చూసి సిగ్గుపడి నవ్వింది.

ఆమెను జట్టు బస చేసిన క్రీడా గ్రామంలో దించి వస్తుంటే, పదమూడేళ్ల మా అమ్మాయి హన్నా వెనక సీట్లోంచి అడిగింది. "మమ్మీ, సలోమి అక్క లెగ్ హీల్ అయింది అని చెప్పలేదు కదా. సేమ్ ఉంది అని చెప్పింది."

"ట్రాన్స్‌లేషన్ అంటే అర్థం చెప్పడం నాన్నా. ప్రతి మాటా చెప్పరు."

"బట్ యు మేడ్ ఇట్ బిగ్గర్."

"నీకు తెలుగు పూర్తిగా అర్థం కాలేదులే," అన్నాను. దానికి పూర్తిగా అర్థమైందని నాకు తెలుసు. మర్నాడు పొద్దున సంఘం వీడియోలు ఆన్‌లైన్‌లో పెట్టే సిస్టర్ ఫోన్ చేసింది. "అక్కా, క్లిప్‌కి 'గాడ్ హీల్డ్ హర్ లెగ్' అని టైటిల్ పెట్టనా?" ప్రభువు నాకు రెండోసారి ఇచ్చిన అవకాశం అది. స్టేడియానికి వెళ్లే దారిలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. "పెట్టు," అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం జట్టు కోచ్ ఫోన్ చేశారు. వరంగల్ ఆయన, పేరు చంద్రశేఖర్. మామూలుగా నిమ్మళంగా మాట్లాడే మనిషి.

"మేడం, మీ చర్చి వీడియో ఏందది? కాలు బాగైంది, నడుస్తుంది అని మీరే మైకుల చెప్తిరి. వేరే టీమోళ్లు అది పట్కపోయి ఆఫీసర్లకు ఇచ్చిన్రు. రేపు పొద్దుగాల మళ్ల క్లాసిఫికేషన్ అంట. ఈవెంట్ గూడ రేపే."

"సార్, నేను వచ్చి చెబుతాను."

"రావాల్సిందే మేడం. చెప్పింది మీరే గద."

బుధవారం ఎనిమిది గంటలకు ఒక చిన్న గదిలో కూర్చున్నాం. చీఫ్ క్లాసిఫయర్ తెల్లజుట్టు డాక్టర్. ఆమె ముందు ఒక లాప్‌టాప్, దాని పక్కన నేను సంతకం పెట్టిన చార్టు. మా మాటలు ఇంగ్లీషులో జరిగాయి. వీడియో పెట్టారు. నా గొంతు నేనే విన్నాను.

"ఈ మాటలు అథ్లెట్ అన్నవేనా?" అని డాక్టర్ అడిగారు.

"కాదు. ఆమె నడుం నొప్పి తగ్గిందని చెప్పింది. కాలి గురించి నేను కలిపాను."

"మీరు ఆమె కాలిని పరీక్ష చేశారా?"

"గురువారం చేశాను."

"గురువారం గ్రేడ్ ఒకటి అని రాశారు. ఆదివారం స్వస్థత కలిగిందన్నారు. ఈ రెండింటిలో నేను దేన్ని నమ్మాలి?"

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు. సలోమి నా మొహంలోకి చూస్తోంది. చంద్రశేఖర్ సార్ నేల చూస్తున్నారు.

"చార్టుని నమ్మండి," అన్నాను.

నా సాక్ష్యాన్ని నమ్మొద్దని నా నోటితోనే చెప్పుకున్నాను. క్లినిక్‌లో నేనెప్పుడూ ఒక గ్రేడ్ ఎక్కువ వేసి ఎరగను. పేషెంటు ఏడ్చినా, ఇన్సూరెన్సు వాళ్లు ఒత్తిడి చేసినా వేయలేదు. దేవుని మందిరంలో మాత్రం ఒకటిని ఐదు చేశాను. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని సండే స్కూల్లో నేర్చుకున్నాను. దేవుని పక్షాన చెప్పినా అది అబద్ధ సాక్ష్యమేనని ఆ గదిలో కూర్చునేదాకా నాకు తట్టలేదు.

అయినా పరీక్ష తప్పలేదు. ఇద్దరు క్లాసిఫయర్లు ఆమెను పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి చూశారు. వంగమన్నారు, తోయమన్నారు, పట్టుకుని ఆపమన్నారు. కాళ్ల తర్వాత నడుము, తర్వాత భుజాలు. పూర్తి బలం పెట్టకపోతే దాస్తోందనుకుంటారని భయపడి ఆమె ప్రతిసారీ పళ్లు బిగించి చేసింది. పోలియో వచ్చిన శరీరం మామూలు శరీరంలా తిరిగి పుంజుకోదు. అలసిన కండరానికి గంటలు చాలవు. అది నాకు తెలుసు, గోడ పక్కన నిలబడి చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాను. పదిన్నరకు ఫలితం చెప్పారు. వర్గం మారలేదు. ఆమె ఏమీ దాచలేదని రాసిచ్చారు.

"థాంక్యూ చెప్పు," అన్నారు కోచ్.

"దేనికి సార్?" అంది సలోమి.

పోటీ రెండింటికి. విసిరేవాళ్లను ఒక ఇనుప ఫ్రేమ్ మీద కూర్చోబెట్టి బెల్టులతో కడతారు. కుర్చీ నుంచి శరీరం లేస్తే ఆ విసురు చెల్లదు. ఆరు విసుర్లు. ఎండ నెత్తిన ఉంది. మొదటి దానిలోనే ఆమె భుజం దిగిపోవడం నాకు కనిపించింది. రెండు చెల్లలేదు. మిగిలినవి ఒకదాని కంటే ఒకటి దగ్గరగా పడ్డాయి. ఐదో స్థానం వచ్చింది. సోమవారం ప్రాక్టీసులో ఆమె విసిరిన దూరం, ఆ రోజు మూడో స్థానానికి వచ్చిన దూరం కంటే ఎక్కువ.

పొద్దున పరీక్ష వల్లే ఆమె ఓడిపోయిందని నేను చెప్పలేను. భుజం ముందే నొప్పిగా ఉంది. ఎండ అందరికీ ఒకటే. నా వల్లే అని తేల్చి చెబితే అదీ మళ్లీ ఎక్కువ చేసి చెప్పడమే అవుతుంది. నాకు తెలిసింది ఇంతే: ఆ పొద్దున ఆమె పడుకుని భుజానికి ఐసు పెట్టుకోవలసిన సమయం. దాన్ని నేను తీసుకున్నాను.

జట్టును ఎయిర్‌పోర్టులో దించడానికి నేనూ వెళ్లాను. వీల్‌చెయిర్‌లో కూర్చున్న సలోమి ముందు మోకాళ్ల మీద కూర్చుని క్షమించమని అడిగాను.

"లేవక్కా, అందరూ చూస్తున్నారు," అంది. కాసేపు బ్యాగు జిప్పు వేస్తూ తీస్తూ ఉండిపోయింది. తర్వాత అడిగింది. "నేను చెప్పింది తక్కువైందా అక్కా?"

నేను లేచి ఆమె వీల్‌చెయిర్‌ని చెకిన్ వరుస దాకా తోశాను.

తర్వాతి ఆదివారం వీడియో తీయించేసి, అదే మైకు ముందు నిలబడి ఆమె అసలు మాటలు రెండు భాషల్లోనూ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, "ఎందుకు సిస్టర్, పిల్లల విశ్వాసం బలహీనపడుతుంది కదా," అన్నారు. హన్నా మాత్రం కారులో ముందు సీటులో కూర్చుని, ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి పట్టుకుంది. అనువాదం చేయడం ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు క్లినిక్‌లో చార్టు రాసేటప్పుడు ఒక్కోసారి కలం ఆగుతుంది. పేషెంటు చెప్పినది చెప్పినట్టు ఉందా, నేనేమైనా కలిపానా అని పైనుంచి మళ్లీ చదువుతాను. ఈ జాగ్రత్త నాకు ముందే ఉంది. దాన్ని ఆదివారం ఇంట్లో వదిలి వెళ్లేదాన్ని, అంతే.

సలోమి ఇంకా జాకెట్లు కుడుతోందని, సాయంత్రాలు స్కూలు గ్రౌండులో జావెలిన్ విసురుతోందని కోచ్ సార్ చెప్పారు. పండగకు నేను మెసేజ్ పెడితే "ప్రైజ్ ద లార్డ్ అక్కా" అని జవాబిస్తుంది. తనంతట తాను ఎప్పుడూ పెట్టదు.

ఇది చదువుతున్న మీరు ఎక్కడున్నా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థన చేయండి. ఆమె కాలి కోసం వద్దు, ఆమె అడగలేదు. నా మనశ్శాంతి కోసం కూడా వద్దు. కుడి భుజంలో నొప్పి తగ్గాలని, ఆమె ఆ గురువారం నాడు అడిగినంతే, ఆ మాటల్లోనే అడుగుదాం. దానికి మనం ఇంకేమీ కలపవద్దు. ఆమేన్.