పాలకుర్తి బస్సుకు స్టేబుల్ సర్వరు

సుబేదారిలో మా ఇంటి వెనక గదిలో ఒక సర్వరు ఉంది. చూస్తే అటుకులు పోసుకునే రేకు డబ్బాలా ఉంటుంది గానీ, హనుమకొండ పుణ్యంలో సగం దాని మీదే నడుస్తోంది. మసీదు వాళ్ల నమాజు వేళల సైటు దాంట్లోనే. చర్చి వాళ్ల ఆదివారం ఆరాధన ప్రసారం దాంట్లోనే. ఒక పిల్లల దవాఖానలో టోకెన్లు పిలిచేదీ అదే. ఇవన్నీ కాక ఒక టెంటుహౌసు వాళ్ల కుర్చీల ఫోటోలు. అది ఒక్క నిమిషం ఆగితే ముందు నా మీద పడేది కుర్చీల వాళ్లే. దేవుడి తరఫు వాళ్లు జర ఓపిక పడతారు.

దాన్ని లోపలి నుంచి నడిపేది లినక్సు, అందులోనూ స్టేబుల్ అనే రకం. ఆ లినక్సు తయారు చేసేవాళ్లు ప్రోగ్రాములన్నిటినీ ఒక మూటగా కట్టి, ఇక దీంట్లో కొత్తదేదీ కలపం, చిల్లు పడితే మాత్రం కుడతాం అని ముడి వేసి ఇస్తారు. మళ్లీ కొత్త మూట వచ్చేదాకా లోకం ఎన్ని విద్యలు నేర్చినా మన మూటకు సంబంధం లేదు. వయసులో ఉన్నప్పుడు ఈ పద్ధతిని నేను ముసలి పద్ధతి అని వెక్కిరించేవాణ్ని. ఇప్పుడు కొత్త వెర్షన్ అన్న మాట వింటేనే నాకు నడుం పట్టేస్తుంది. ఆ ముడి జోలికి ఎవరొచ్చినా నిద్రపోతున్న చంటిపిల్ల ఉయ్యాల దగ్గరికి డప్పు తెచ్చినట్టు చూస్తాను.

అటువంటి నా దగ్గరికి మా వీధి చివరింటి కండక్టరమ్మ వచ్చింది. ఆమెది హనుమకొండ నుంచి పాలకుర్తి పోయే బస్సు. ఆదివారమైతే గుట్ట మీది గుడికి పోయే జనంతో ఆ బస్సు ఉబ్బి, పక్కలకు పొంగి, డ్రైవరు స్టీరింగు తిప్పడానికి మోచేయి ఎవరి ఒడిలో పెట్టుకోవాలో వెతుక్కుంటాడు. అందుకే ఆమెకు ఆదివారాలు చర్చి దొరకదు. సీటుకు ఆనుకుని ఒక చెవిలో తీగ పెట్టుకుని, నా సర్వరు పంపే ఆరాధన వింటూ టికెట్లు కొడుతుంది.

ఆమె అడిగింది చిన్న సంగతే. వచ్చే ఆదివారం ఆమె బిడ్డ చర్చిలో మొదటిసారి ఒక్కతే పాడుతోంది. సెలవు అడిగితే ఆ రోజు బదులు మనిషి లేడన్నారు. బిడ్డ ఏమీ అలగలేదట, "నువ్వెట్లయినా రావు గదమ్మా" అని మామూలుగా అనేసి చదువుకోవడానికి పోయిందట. ఆ మామూలుతనమే తల్లికి ముల్లులా దిగింది. దారిలో మాటిమాటికీ ప్రసారం తెగుతోంది, ఆ ఒక్క పాట తెగకుండా చెయ్యమని ఆమె అడగడం.

రికార్డు చేసి పెడతాను, ఇంటికొచ్చాక తీరిగ్గా వినవచ్చు అన్నాను. పని తప్పించుకునే విద్యలో నాకు ఈ జిల్లాలో పోటీ లేదు.

"రికార్డింగ్ ఎవరైనా ఇంటరన్నా. అది పాడేటప్పుడు నేనున్న అని చెప్పాలె దానికి," అంది.

ఇక తప్పలేదు. ఆమె ఫోన్‌లో రెండు సిమ్ములున్నాయి. దారిలో సగం దూరం ఒకటి పనిచేస్తుంది, మిగతా సగం రెండోది. ఒకటి వదిలి రెండోది అందుకున్నప్పుడల్లా ఫోను చిరునామా మారిపోతుంది. ఫోనూ సర్వరూ మాట్లాడుకునే పాత పద్ధతిలో, అంటే పాత ప్రోటోకాల్‌లో, మాట చిరునామాకు కట్టేసి ఉంటుంది కాబట్టి అక్కడే పుటుక్కున తెగుతుంది. ఇప్పుడొక కొత్త ప్రోటోకాల్ వచ్చింది, అందులో చిరునామా మారినా మాట తెగదు. ఈ భాగవతమంతా చేతులూపుతూ చెబుతుంటే ఆమె మధ్యలోనే అందుకుంది: "అంటే పాతది టికెట్టు, కొత్తది పాసు. బస్సు మారినా చెల్లుతది. గంతేనా?" అంతే. పుస్తకాలు తిరగేసి బుర్రకెక్కించుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టిన ముక్క.

అయితే ఆ పాసు నా మూటలో లేదు. స్టేబుల్ వాళ్లు ముడి వేసేనాటికి అది ఇంకా పాకుతున్న బిడ్డ.

అదే వారం చర్చి పెద్ద ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, ఫోను పట్టుకుని వచ్చాడు. సైట్లకు మార్కులు వేసే సైటొకటి ఉందట. అందులో పక్క వీధి చర్చికి కొత్త ప్రోటోకాల్ అన్నచోట పచ్చ టిక్కు వచ్చింది, మనకు ఎర్ర గుర్తు. "భాయ్, మనోళ్లు ఎక్కడా ఫెయిలైన చరిత్ర లేదు," అన్నాడు నా వంక పరీక్షలో కాపీ కొట్టి కూడా తప్పిన పిల్లవాణ్ని చూసినట్టు చూస్తూ. పక్క చర్చి సైటు ఎవరో పెద్ద కంపెనీ అద్దె సర్వర్లలో ఉందనీ, మాది వెనక గదిలో బియ్యం సంచుల పక్కన ఉందనీ చెప్పాను. దేవుడికి అన్నీ సమానమే గదా అన్నాడు.

అసలు సర్వరును ముట్టుకునే ధైర్యం లేక, దాని అచ్చు నకలును ఒక పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి ప్రయత్నించాను. కొత్త వెబ్ సర్వరును రమ్మన్నాను. వస్తాను గానీ నా పనిముట్ల పెట్టె, అదే కొత్త లైబ్రరీ, కూడా రావాలంది. ఆ లైబ్రరీ తన మేనమామను పిలవమంది. మేనమామకు ఇంట్లో ఉన్న పాతవాళ్లెవరితోనూ పొత్తు కుదరదు. చివరికి తెర మీద ఒక పొడుగాటి జాబితా పడింది: మీరు సరేనంటే ఈ కింది వాళ్లందరినీ బయటికి పంపుతాం. చూద్దును గదా, అందులో దవాఖాన టోకెన్ల డేటాబేసు, మెయిలు, చివరికి గడియారాన్ని సరిచేసే పెద్దమనిషి కూడా ఉన్నాడు. పెళ్లికి పిలిస్తే వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్న చుట్టాన్ని మొదటిసారి చూశాను.

మా ఆవిడ చాయ్ తెచ్చి నా మొహం చూసి, "గదాన్ని జర గట్లనే వదిలెయ్యరాదుండ్రి. పిల్లల దవాఖాన బందయితే ఆ తల్లులు ఈడికే వస్తరు," అంది. ఆ తల్లులు చంకలో పిల్లలతో మా గుమ్మంలో బారులు తీరిన దృశ్యం నాకు ఎంత స్పష్టంగా కనిపించిందంటే, చాయ్ చల్లారేదాకా ఆ జాబితా మీద నుంచి చెయ్యి తీసేశాను.

అయినా మూడు రోజులు కుస్తీ పట్టి, ల్యాప్‌టాప్ మట్టుకు పాతవాళ్లను వేరే గదిలోకి తోసి, కొత్త ప్రోటోకాల్‌ను లేపి నిలబెట్టాను. ఆ గెలుపు తర్వాత నా మోకాళ్లు సైతం పాత వెర్షనైపోయాయి. శుక్రవారం నమాజు అయ్యాక పరీక్షించడానికి ఆమె బస్సే ఎక్కాను. ఆడవాళ్లందరికీ ఉచిత ప్రయాణపు సున్నా టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, మొహమాటం లేకుండా డబ్బులు పుచ్చుకుంది. ఆమె కోసమే పోతున్నానన్న సంగతి టికెట్ల మిషనుకు తెలియదట.

ఆమె ఫోను నా చేతిలో ఉంది. ల్యాప్‌టాప్ ఇంట్లోంచి పాత పాటలు పంపుతోంది. ఘన్‌పూర్ దాటాక ఒక సిమ్ము పోయి రెండోది వచ్చింది. పాట తెగలేదు. బస్సులో నిలబడి నేను చిన్నగా కేక వేశానని, పక్కనున్న ముసలమ్మ జేబు కొట్టారా బిడ్డా అని అడిగిందని ఒప్పుకోవాలి. ఆ ఆనందం ఒక మైలురాయి నుంచి రెండో మైలురాయి దాకా నిలిచింది. తర్వాత ఒక చెరువు కట్ట, పత్తి చేలు, అక్కడ ఏ సిమ్ముకూ ప్రాణం లేదు. పాట ఆగింది. ఆగి, బస్సు ఆ చేలు దాటి ఊరి బడి కనిపించేదాకా నోరు విప్పలేదు.

"పాసుంటే ఏం ఫాయిదా అన్నా, బస్సే రానప్పుడు," అంది కండక్టరమ్మ, నా మొహం వంక చూడకుండా టికెట్ల మిషను సర్దుకుంటూ.

తిరుగు ప్రయాణమంతా కిటికీ రాడ్‌కు తల ఆనించి కూర్చున్నాను. కొత్త ప్రోటోకాల్ దారి మారితే తట్టుకుంటుంది, దారే లేకపోతే అదేం చేస్తుంది. కావలసింది దారి కాదు, దారిలో తినే సద్ది మూట. ఆ చేలు దాటడానికి సరిపడా పాటను ముందే ఫోన్‌లో మూట కట్టి ఉంచితే చాలు. పాట తొంభై సెకన్లు వెనక నడుస్తుంది, మధ్యలో తెగినా ఫోను ఆ సద్ది తింటూ ఉండి, సిగ్నల్ రాగానే మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. అందుకు కొత్త ప్రోటోకాల్ అక్కర్లేదు, లైబ్రరీ మేనమామా అక్కర్లేదు. స్టేబుల్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే. సెట్టింగులో ఒక అంకె మార్చడం. మూడు రోజులు కొండ తవ్వినవాడికి ఎలక దొరికితే సంతోషించాలో ఏడవాలో తెలియక, ఇంటికెళ్లి అంకె మార్చి పడుకున్నాను.

హెడ్మాస్టరుకు ఎర్ర గుర్తు అట్లాగే ఉంటుందని చెప్పాను. ఆయన ఫోను తీసి ఆ ఎర్ర గుర్తును ఇంకోసారి చూసుకున్నాడు. తర్వాత, పక్క చర్చి వాళ్లకు ఈ సంగతి చెప్పకు అన్నాడు. ఒకటిన్నర నిమిషం ఆలస్యంగా వినబడుతుందని కండక్టరమ్మకు చెబితే మాత్రం ఆమె నవ్వింది. వాళ్ల బస్సు అంత టైముకు ఏనాడూ రాలేదట. కానీ ఆదివారం నన్ను కూడా ఎక్కమంది. ఆగిపోతే తిట్టడానికి మనిషి దగ్గరుండాలట.

ఆదివారం బస్సులో నా పాదాలు ఎవరి చెప్పుల్లో ఉన్నాయో నాకే తెలియదు. ఆమె జనాన్ని చీల్చుకుంటూ పోయి ఆ పత్తి చేలకు ముందే టికెట్లన్నీ కొట్టేసి, నా సీటు పక్కన నిలబడి చెవిలో తీగ సర్దుకుంది. డ్రైవరుకు కూడా ముందే చెప్పి ఉంచింది. హారన్ లేకుండా ఊపిరి తీసుకోలేని ఆ మనిషి, మేకల మందొకటి రోడ్డుకు అడ్డమొస్తే, కిటికీలోంచి చెయ్యి ఊపి బతిమాలుకున్నాడు.

పాట మొదలైంది. నా ఫోన్‌లో నేనూ వింటున్నాను. సన్నటి గొంతు, మొదట్లో కాస్త వణికి తర్వాత నిలబడింది. చెరువు కట్ట వచ్చింది, సిగ్నల్ గీతలన్నీ పోయాయి, పాట నడుస్తూనే ఉంది. చేల మధ్యలో కూడా నడుస్తూనే ఉంది. కండక్టరమ్మ పై రాడ్‌ను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. ఎవరో దిగాలంటూ విజిల్ అడిగితే వినిపించుకోలేదు.

ఊరి బడి కనబడి గీతలు తిరిగి వచ్చేసరికి చివరి చరణం నడుస్తోంది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. నడుస్తున్న పాటను ఆమె చెవిలో వినబడనీకుండా రింగు మింగేసింది. చూస్తే బిడ్డ నంబరు. అక్కడ పాట ముగించి, వరండాలోకి వచ్చి, విన్నావా అని అడగడానికి చేసినట్టుంది. ఆ తొంభై సెకన్ల సంగతి బిడ్డకు చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. తల్లి బిడ్డ ఫోన్ కట్ చేసింది, బిడ్డ పాట వినడానికి. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది.

తర్వాత నా ఫోన్ మోగింది.

"అంకుల్, అమ్మ నా ఫోన్ ఎత్తుతలేదు. కోపమొచ్చిందా?"

"కోపం లేదు బిడ్డా. నీ పాటే వింటాంది. ఇంక అయిపోలే."

"నేను పాడి బయటకొచ్చిన గదా అంకుల్."

"నువ్వొచ్చినవు. నీ పాట ఇంక దారిలున్నది. జర ఆగు," అని పెట్టేశాను. అలసటలో అంతకంటే మంచి సాంకేతిక వివరణ నాకు దొరకలేదు.

పాట అయ్యాక ఆమె కళ్లు తుడుచుకోకుండానే బిడ్డకు ఫోన్ కలిపింది. బస్సు మోతలో స్పీకరు పెట్టక తప్పలేదు.

"విన్న బిడ్డా. చేన్ల నడుమ గూడ తెగలే. మొత్తం విన్న."

"చివరి చరణంల పైకి పోయేకాడ గొంతు జారిందమ్మా. అందరు నా దిక్కే చూసిన్రు. నువ్వు గూడ విన్నవా?"

"ఎక్కడనే? ఆడ నీ ఫోనే మోగుతాండె."

అవతల పిల్ల ఒక్కసారిగా నవ్వింది, ఏడుపు కలిసిన నవ్వు. ఫోను పెట్టేశాక కండక్టరమ్మ నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది: "అన్నా, నిజంగ జారిందా?"

జారింది. బాగానే జారింది. ఆమె ఫోన్ మోగుతున్నప్పుడు నాది ఇంకా పాడుతూనే ఉంది. మా స్టేబుల్ సర్వరు ఆ జారుడును అంత దూరం నుంచి ఒక్క చుక్క పోకుండా నా చెవిలో పోసింది.

"నాకు గూడ ఫోనొచ్చె గదా అక్కా," అన్నాను. ఆమె తల ఊపి, దిగవలసిన వాళ్ల కోసం విజిల్ ఊదింది.